పాఠపరిష్కరణలో వెర్షన్ కంట్రోల్: ఎడిటర్ తెరుచుకోని సందర్భాలు – కారణాలు, పరిష్కారాలు

వ్యాససంగ్రహం

తాళపత్ర, శాసన పాఠాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి పరిష్కరించే పనిలో గిట్ వంటి వెర్షన్ కంట్రోల్ సాధనాలు తెలుగు పరిశోధకులకు ఎంతో ఉపకరిస్తాయి. ప్రతి సవరణనూ అవి తేదీతో, కర్త పేరుతో భద్రపరుస్తాయి. సవరణకు కారణాన్ని మాత్రం పరిష్కర్తే రాయాలి. అది రాయడానికి సాధనం ఒక టెక్స్ట్ ఎడిటర్‌ను తెరుస్తుంది. ఆ ఎడిటర్ తెరుచుకోనప్పుడు చాలామంది ఒక్క మాటతో సరిపెట్టి ముందుకు సాగిపోతారు. దానివల్ల పాఠం మిగులుతుంది గానీ పాఠనిర్ణయ హేతువు నశిస్తుంది. ఎడిటర్ ఎందుకు తెరుచుకోదు, దోషాన్ని ఎలా గుర్తించాలి, ఎలా సరిచేయాలి, తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులేమిటి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, పాఠభేదం, వెర్షన్ కంట్రోల్, గిట్, కమిట్ సందేశం, టెక్స్ట్ ఎడిటర్.

1. ఉపోద్ఘాతం

మంగళగిరి నరసింహస్వామి సన్నిధిలోని స్తంభశాసనం చరిత్ర విద్యార్థులకు సుపరిచితం. శ్రీకృష్ణదేవరాయల కొండవీటి విజయాన్ని (1515) పేర్కొనే ఈ శాసనాన్ని ల్యూడర్స్ 'ఎపిగ్రాఫియా ఇండికా' 6వ సంపుటంలో ప్రకటించారు. రాతిమీది అక్షరం మారదు. దాన్ని చదివేవారి నిర్ణయం మాత్రం మారుతుంది. నిన్న 'ద' అనుకున్నది ఇవాళ మంచి ఛాయాచిత్రం చూశాక 'ధ' అని తేలవచ్చు. ప, వల మధ్య సందేహం కలగవచ్చు. ప్రాచీన లేఖనంలో ఎ-ఏ, ఒ-ఓల హ్రస్వదీర్ఘ భేదం సాధారణంగా కనిపించదు గనుక అక్కడ ప్రతి దీర్ఘమూ పరిష్కర్త తీసుకున్న నిర్ణయమే.

ఇలాంటి నిర్ణయాలను గుర్తుపెట్టుకోవడానికి మనలో చాలామంది 'తుది ప్రతి', 'తుది ప్రతి 2', 'అసలైన తుది ప్రతి' అంటూ ఫైళ్లు పెంచుకుంటూ పోతాం. ఏ ప్రతిలో ఏది ఎందుకు మారిందో ఆరు నెలలు గడిస్తే మనకే తెలియదు. ఈ అవ్యవస్థను తొలగించేవే వెర్షన్ కంట్రోల్ సాధనాలు. వీటిలో నేడు అత్యధికంగా వాడుకలో ఉన్న గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కెర్నెల్ నిర్మాణం కోసం రూపొందించారు. సాఫ్ట్‌వేర్ కోసం పుట్టినా, అది దాచేది ప్రధానంగా మార్పుల చరిత్ర. పాఠపరిష్కర్తకు కావలసిందీ అదే.

ఈ వ్యాసంలో 'ఎడిటర్' అన్న మాటను సాఫ్ట్‌వేర్‌కు, 'పరిష్కర్త' అన్న మాటను మనిషికి వాడుతున్నాను. ఆదేశాలను, దోషసందేశాలను ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇస్తున్నాను. కంప్యూటర్‌లో వాటిని ఆంగ్లాక్షరాలతోనే టైపు చేయాలి.

2. పాఠభేద సంప్రదాయం – కమిట్ సందేశం

ఒక కావ్యానికి పలు ప్రతులను సేకరించి, సరిపోల్చి, శుద్ధప్రతిని సిద్ధం చేయడం తెలుగులో కొత్త కాదు. మచిలీపట్నంలోనూ ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ పండితులను నియమించి ప్రతులను సరిపోల్పించారు. 1829లో వేమన పద్యాలను ప్రచురించారు. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ప్రారంభించి 1966లో ముగించిన సంస్కృత మహాభారత సంశోధిత ముద్రణ 1259 ప్రతుల పరిశీలన మీద ఆధారపడింది. అందులో స్వీకృతపాఠం పైన, తిరస్కృత పాఠాలు పుట అడుగున ఉంటాయి. పాఠకుడు పరిష్కర్తతో విభేదించడానికి కావలసిన సామగ్రిని పరిష్కర్తే అందించడం ఈ పద్ధతిలోని ఔన్నత్యం.

గిట్‌లో ఒక మార్పును శాశ్వతంగా నమోదు చేయడాన్ని కమిట్ అంటారు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఏ పంక్తిలో ఏది పోయి ఏది వచ్చింది అనే మూడు ప్రశ్నలకు గిట్ తానే సమాధానం చెబుతుంది. 'ఎందుకు మార్చారు?' అనే నాలుగో ప్రశ్నకు మాత్రం సమాధానం చెప్పలేదు. దానికోసమే కమిట్ చేసే ప్రతిసారీ సందేశం అడుగుతుంది. పుట అడుగున పాఠభేదం పక్కన పరిష్కర్త రాసే వివరణకు ఈ సందేశం సమానం. కాబట్టి ఎడిటర్ తెరుచుకోకపోవడాన్ని సాంకేతిక అసౌకర్యంగా మాత్రమే చూడరాదు. పరిష్కర్త తన హేతువును చెప్పుకోవలసిన చోటే మూతపడిందని గ్రహించాలి.

3. ఎడిటర్‌ను గిట్ పిలిచే విధానం

దోషాన్ని సరిచేయాలంటే ముందుగా మామూలు క్రమం తెలియాలి. 'గిట్ కమిట్' అనగానే గిట్ తన అంతర్గత ఫోల్డర్‌లో 'కమిట్_ఎడిట్‌ఎమ్ఎస్‌జి' అనే చిన్న ఫైలును సృష్టిస్తుంది. ఆ ఫైలును ఎడిటర్ చేతికిచ్చి, ఎడిటర్ మూసుకునే వరకు వేచి ఉంటుంది. మూసుకున్నాక ఫైలును చదివి, హ్యాష్ గుర్తు (#)తో మొదలయ్యే పంక్తులను తీసివేసి, మిగిలినదాన్ని సందేశంగా స్వీకరిస్తుంది. ఏమీ మిగలకపోతే కమిట్‌ను రద్దు చేస్తుంది.

దీన్నిబట్టి మూడు నియమాలు ఏర్పడుతున్నాయి. (అ) గిట్‌కు ఎడిటర్ దొరకాలి. (ఆ) మనం రాసి ముగించేవరకు గిట్ వేచి ఉండాలి. (ఇ) ఎడిటర్ సక్రమంగా ముగిసినట్టు గిట్‌కు తెలియజేయాలి. ఎడిటర్ సంబంధమైన వైఫల్యాలలో అధికభాగం ఈ మూడింటిలో ఏదో ఒకదాని భంగమే.

ఏ ఎడిటర్‌ను పిలవాలో గిట్ ఒక క్రమంలో వెతుకుతుంది. మొదట 'గిట్_ఎడిటర్' అనే పరిసర చలరాశిని (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్), తరువాత సెట్టింగులలోని 'కోర్.ఎడిటర్'ను, ఆపై 'విజువల్', 'ఎడిటర్' అనే చలరాశులను చూస్తుంది. ఎక్కడా ఏమీ లేకపోతే సాధారణంగా 'విఐ' అనే పాత ఎడిటర్‌ను తెరుస్తుంది. ముందున్నది దొరికితే వెనుకవాటిని చూడదు. 'కోర్.ఎడిటర్'ను మార్చినా ఫలితం కనిపించడం లేదంటే 'గిట్_ఎడిటర్'లో మరో విలువ ఉందేమో పరిశీలించాలి.

ఇతర సాధనాలదీ దాదాపు ఇదే పద్ధతి. సబ్‌వెర్షన్ 'ఎస్‌విఎన్_ఎడిటర్'ను, మెర్క్యూరియల్ 'హెచ్‌జిఎడిటర్' అనే తన చలరాశిని ముందుగా చూసి, తరువాత తమ సెట్టింగులను, ఆపై 'విజువల్', 'ఎడిటర్'లను చూస్తాయి. కనుక కింది వివరణ గిట్‌కు సంబంధించినదైనా దాని తర్కం వాటికీ వర్తిస్తుంది.

4. వైఫల్యాల వర్గీకరణ

4.1 ఎడిటర్ దొరకకపోవడం

'ఎర్రర్: కెనాట్ రన్...', 'అనేబుల్ టు స్టార్ట్ ఎడిటర్' అనే మాటలు కనిపిస్తే గిట్ చెప్పిన చోట ఎడిటర్ లేదని అర్థం. ఎడిటర్‌ను తొలగించి ఉండవచ్చు, పేరులో అక్షరదోషం ఉండవచ్చు, లేదా ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ 'పాత్' జాబితాలో లేకపోవచ్చు. మ్యాక్‌లో విజువల్ స్టూడియో కోడ్‌ను స్థాపించినా, దాని కమాండ్ పాలెట్ నుంచి 'కోడ్' ఆదేశాన్ని పాత్‌లో చేర్చనిదే టెర్మినల్‌కు అది తెలియకపోవచ్చు.

4.2 దారిలో ఖాళీ

విండోస్‌లో చాలా ప్రోగ్రామ్‌లు 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డర్‌లో ఉంటాయి. ఈ పేరులో రెండు పదాల మధ్య ఖాళీ ఉంది. కొటేషన్ గుర్తులు లేకుండా ఈ దారిని 'కోర్.ఎడిటర్'కు ఇస్తే, గిట్ 'ప్రోగ్రామ్' వరకే ఆదేశంగా భావించి అలాంటిది లేదంటుంది. మొత్తం విలువను జంట కొటేషన్లలో, దాని లోపల ప్రోగ్రామ్ దారిని ఒంటి కొటేషన్లలో ఉంచాలి. దారిలో వెనుకవాలు గీతలకు బదులు ముందువాలు గీతలు వాడటం క్షేమం.

4.3 గిట్ వేచి ఉండకపోవడం

ఎడిటర్ కిటికీ తెరుచుకుంటుంది. కానీ అక్షరం రాయకముందే టెర్మినల్‌లో 'అబార్టింగ్ కమిట్ డ్యూ టు ఎంప్టీ కమిట్ మెసేజ్' అని వస్తుంది. కిటికీలు గల కొన్ని ఎడిటర్లు ఫైలును తమ కిటికీకి అప్పగించి, తమను పిలిచిన ఆదేశాన్ని వెంటనే ముగించడం ఇందుకు కారణం. గిట్ దాన్ని రచన పూర్తయినట్టు భావించి ఖాళీ ఫైలును చదువుతుంది. విజువల్ స్టూడియో కోడ్‌కు 'కోడ్ --వెయిట్' అని, సబ్‌లైమ్ టెక్స్ట్‌కు 'సబ్ల్ -ఎన్ -డబ్ల్యు' అని సూచిస్తే ఈ దోషం తొలగుతుంది. నోట్‌ప్యాడ్++ వాడేవారు '-మల్టీఇన్‌స్ట్', '-నోసెషన్' సూచనలు చేర్చాలి. అప్పుడది పాత కిటికీలో కలిసిపోకుండా విడిగా తెరుచుకుంటుంది.

4.4 తెరుచుకున్నా తెరుచుకోనట్టు కనిపించడం

విండోస్‌లో గిట్‌ను స్థాపించేటప్పుడు ఏ ఎడిటర్ కావాలో అడుగుతుంది. 'నెక్స్ట్' నొక్కుతూ పోయినవారికి విమ్ ఎడిటర్ వస్తుంది. మొదటి కమిట్‌లో అది టెర్మినల్‌లోనే తెరుచుకుంటుంది. మెనూ, బటన్లు ఉండవు. కంప్యూటర్ స్తంభించిందనుకుని కిటికీని మూసేస్తాం. మళ్లీ ప్రయత్నిస్తే, ముందటి ప్రయత్నం వదిలివెళ్లిన తాత్కాలిక ఫైలు గురించి విమ్ హెచ్చరిస్తుంది. సమస్య రెట్టింపైనట్టు తోస్తుంది.

ఇక్కడ తెలుగు రాసేవారికి మరొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. విమ్‌లో రాయడం మొదలుపెట్టడానికి ఆంగ్లంలో 'ఐ' అక్షరం నొక్కాలి. భద్రపరిచి బయటకు రావడానికి ఎస్కేప్ నొక్కి, కోలన్, 'డబ్ల్యు', 'క్యు' నొక్కి ఎంటర్ చేయాలి. కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఉన్నప్పుడు 'ఐ' మీట 'గ'ను ఇస్తుంది. కోలన్ మీట 'ఛ'ను, తక్కిన రెండూ ఐత్వ, ఔత్వాలను ఇస్తాయి. విమ్‌కు అవి ఆదేశాలు కావు. ఎస్కేప్ తరువాత కీబోర్డును ఆంగ్లానికి మార్చి ఆదేశం ఇవ్వాలన్న ఒక్క విషయం తెలియక చాలామంది విమ్‌లో చిక్కుకుపోతారు. కిటికీ గల ఎడిటర్‌ను ఎంచుకోవడం వీరికి శ్రేయస్కరం. టెర్మినల్‌లోనే ఉండవలసి వస్తే, ఆదేశాలను తెర అడుగున చూపే నానో సులభం.

4.5 టెర్మినల్ సామర్థ్యం చాలకపోవడం

మరో ప్రోగ్రామ్ లోపలి నుంచి గిట్‌ను నడిపినప్పుడు 'టెర్మినల్ ఈజ్ డంబ్, బట్ ఎడిటర్ అన్‌సెట్' అన్న సందేశం రావచ్చు. పూర్తి తెరను వాడుకునే ఎడిటర్‌ను చూపగల శక్తి ఆ టెర్మినల్‌కు లేదని దీని భావం. మామూలు టెర్మినల్ నుంచి కమిట్ చేయడం గానీ, 'కోర్.ఎడిటర్'కు కిటికీ గల ఎడిటర్‌ను నిర్దేశించడం గానీ దీనికి పరిష్కారం.

4.6 ఎడిటర్ దోషంతో ముగియడం

'దేర్ వజ్ ఎ ప్రాబ్లమ్ విత్ ది ఎడిటర్' అన్న సందేశం ఎడిటర్ మొదలై, సక్రమంగా ముగియలేదని చెబుతుంది. విమ్‌లో కోలన్, 'సి', 'క్యు' అని ఇస్తే ఉద్దేశపూర్వకంగానే ఇలా ముగుస్తుంది. కమిట్ వద్దనుకున్నప్పుడు ఇది ఉపయోగపడే మార్గం. ఇద్దరు పరిష్కర్తల శాఖలను కలిపే (మెర్జ్) సమయంలో ఎడిటర్ విఫలమైతే, కలిపిన పాఠం సిద్ధంగా ఉండి నమోదు మాత్రం ఆగుతుంది. ఎడిటర్‌ను సరిచేసి 'గిట్ కమిట్' అంటే అది పూర్తవుతుంది. వద్దనుకుంటే 'గిట్ మెర్జ్ --అబార్ట్' అనాలి.

5. నిర్ధారణ, పరిష్కారం

ఎడిటర్ తెరుచుకోనప్పుడు ముందుగా గ్రహించవలసింది పరిష్కరించిన పాఠానికి ఏ నష్టమూ జరగలేదని. రద్దయింది నమోదు మాత్రమే. 'గిట్ స్టేటస్' అంటే మార్పులన్నీ కమిట్‌కు సిద్ధంగా ఉన్నట్టే కనిపిస్తాయి. కంగారుపడి ఫోల్డర్‌ను తొలగించి మళ్లీ మొదలుపెట్టడమే నిజమైన నష్టానికి దారి తీస్తుంది. తరువాత ఈ క్రమాన్ని అనుసరించవచ్చు.

ఒకటి: 'గిట్ వార్ గిట్_ఎడిటర్' అనే ఆదేశం ఇవ్వాలి. పై క్రమమంతా వెతికి గిట్ చివరకు ఏ ఎడిటర్‌ను ఎంచుకుంటున్నదో ఇది చూపుతుంది.

రెండు: 'గిట్ కాన్ఫిగ్ --షో-ఆరిజిన్ --గెట్ కోర్.ఎడిటర్' అంటే ఆ విలువ ఏ సెట్టింగుల ఫైలు నుంచి వస్తున్నదో తెలుస్తుంది. ఒక ప్రాజెక్టుకు ప్రత్యేకంగా ఇచ్చిన విలువ, అన్నింటికీ కలిపి ఇచ్చిన విలువను అధిగమిస్తుంది.

మూడు: మొదటి ఆదేశం చూపిన ఎడిటర్‌ను టెర్మినల్‌లో యథాతథంగా టైపు చేసి తెరవాలి. అక్కడా తెరుచుకోకపోతే దోషం గిట్‌ది కాదు, ఎడిటర్‌ది లేదా దారిది.

నాలుగు: 'గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎడిటర్' తరువాత కొటేషన్లలో సరైన విలువను, అవసరమైతే వేచి ఉండే సూచనతో సహా ఇవ్వాలి.

ఐదు: మళ్లీ కమిట్ చేసి చూడాలి. కిటికీ మూసేవరకు టెర్మినల్ కదలకుండా ఉంటే అమరిక సరైనదే.

రాసిన సందేశాన్ని భద్రపరిచాక కమిట్ రద్దయితే, ఆ పాఠం 'కమిట్_ఎడిట్‌ఎమ్ఎస్‌జి' ఫైలులో మిగిలే ఉంటుంది. తరువాతి కమిట్ దాన్ని చెరిపివేస్తుంది గనుక ముందుగా వేరే పేరుతో నకలు తీసుకోవాలి. 'గిట్ కమిట్ -ఎఫ్' తరువాత ఆ నకలు పేరు ఇస్తే సందేశం దానినుంచి వస్తుంది. ఈ మార్గంలో హ్యాష్ పంక్తులను గిట్ తనంతట తొలగించదు. వాటిని మనమే తీసివేయాలి.

ఎడిటర్‌లో రాసేటప్పుడు దీనికి విరుద్ధమైన ప్రమాదం ఉంది. పద్యసంఖ్యను '#12' అని పంక్తి మొదట రాస్తే, గిట్ దాన్ని వ్యాఖ్యగా భావించి ఆ పంక్తిని మొత్తంగా తీసేస్తుంది. అది ఒక్కటే పంక్తి అయితే సందేశం ఖాళీ అయిందని కమిట్‌నే రద్దు చేస్తుంది. ఎడిటర్ చెడిపోలేదు. '12వ పద్యం' అని రాస్తే చాలు.

6. తాత్కాలిక మార్గం – దాని పరిమితి

ఎడిటర్ లేకుండానే 'గిట్ కమిట్ -ఎమ్' తరువాత కొటేషన్లలో సందేశం ఇవ్వవచ్చు. దోషసందేశాలలో గిట్ తానే ఈ మార్గాన్ని సూచిస్తుంది. అచ్చుతప్పును దిద్దినప్పుడు ఇది చాలు. దీన్నే నిత్యపద్ధతిగా చేసుకోవడంలో రెండు లోపాలున్నాయి.

మొదటిది తెలుగు లిపికి సంబంధించినది. చాలా టెర్మినల్‌లు తెలుగు ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చి చూపలేవు. రాస్తున్నది తనకే చదవడానికి వీలుకాని చోట ఎవరైనా పొడిమాటతో ముగిస్తారు. తెలుగు ఫైలు పేర్లదీ ఇదే అవస్థ. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. గిట్ స్వతస్సిద్ధంగా ఆ పేర్లను అంకెల వరుసలుగా చూపుతుంది. 'కోర్.కోట్‌పాత్'ను 'ఫాల్స్' చేస్తే పేర్లు తెలుగులో కనిపిస్తాయి.

రెండో లోపం నా అనుభవంలోనిది. పరిశోధన తొలిరోజుల్లో నా ఎడిటర్ అమరిక 4.3లో చెప్పిన దోషంతో ఉండేది. కారణం వెతకక '-ఎమ్' మార్గానికి అలవాటుపడ్డాను. కొంతకాలానికి ఒక పాఠాన్ని ఎందుకు మార్చానో వివరించవలసి వచ్చి చరిత్ర తెరిస్తే, వరుసగా 'సవరణ', 'సవరణ', 'మళ్లీ సవరణ' అని ఉంది. ఏ అక్షరం ఏ రోజు మారిందో గిట్ చూపింది. ఏ ప్రతిని చూసి మార్చానో చెప్పలేకపోయింది. ప్రతులన్నీ మళ్లీ తెరిచి చూసుకోవలసి వచ్చింది. కొన్నిచోట్ల నా పాత నిర్ణయానికి ఆధారం నాకే దొరకక పూర్వపాఠాన్ని పునరుద్ధరించాను. పది నిమిషాల్లో సరిచేసుకోగల అమరికను వదిలేసినందుకు చెల్లించిన మూల్యమది.

7. పరిష్కర్తకు అనువైన సందేశ నమూనా

ఎడిటర్ సరిగా తెరుచుకుంటున్నప్పుడు 'కమిట్.టెంప్లేట్' అనే సెట్టింగు ద్వారా ఒక నమూనాను ముందే అమర్చుకోవచ్చు. కమిట్ చేసిన ప్రతిసారీ ఎడిటర్‌లో ఆ శీర్షికలు సిద్ధంగా కనిపిస్తాయి. వాటిని పూరించకుండా మూసేస్తే గిట్ కమిట్‌ను అంగీకరించదు. పాఠపరిష్కరణకు అయిదు శీర్షికలు సరిపోతాయి: స్థానం, పూర్వపాఠం, స్వీకృతపాఠం, ఆధారం, హేతువు. ఊహాత్మకమైన ఒక ఉదాహరణ:

స్థానం: 12వ పద్యం, 3వ పాదం
పూర్వపాఠం: విదము
స్వీకృతపాఠం: విధము
ఆధారం: ఖ, గ ప్రతులు
హేతువు: క ప్రతిలో పత్రం అంచు శిథిలమై ఒత్తు చెరిగింది. ఖ, గ ప్రతులు రెండింటిలోనూ ఒత్తు స్పష్టం.

ఈ అయిదు పంక్తులు రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇలాంటి నమోదులు పోగుపడితే గ్రంథం చివర ఇవ్వవలసిన పాఠభేద పట్టికలో అధికభాగం ఆనాటికే సిద్ధమై ఉంటుంది. పర్యవేక్షకులు కూడా తుది పాఠాన్నే గాక దానికి చేరుకున్న మార్గాన్నీ పరిశీలించగలుగుతారు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

1. కమిట్ సందేశం పాఠపరిష్కరణలోని హేతునిరూపణకు ఆధునిక స్థానం. దానికి ద్వారం ఎడిటర్.

2. ఎడిటర్ దొరకకపోవడం, గిట్ వేచి ఉండకపోవడం, ఎడిటర్ సక్రమంగా ముగియకపోవడం అనే మూడు మూలకారణాల కిందికే అధిక వైఫల్యాలు వస్తాయి. దోషసందేశాన్ని చదివితే ఏది కారణమో తెలుస్తుంది.

3. వైఫల్యం వల్ల పాఠం నశించదు. తొందరపాటు చర్యల వల్లనే నశిస్తుంది.

4. తెలుగు కీబోర్డు, తెలుగు లిపి ప్రదర్శన కారణంగా టెర్మినల్‌లో రాయడం మనకు అదనపు భారం. కాబట్టి కిటికీ గల ఎడిటర్‌ను సరిగా అమర్చుకోవడం తెలుగు పరిశోధకులకు ఇతరులకంటే ఎక్కువ అవసరం.

5. పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో ప్రతుల సేకరణ, సంతులనంతో పాటు ఈ అమరికను కూడా ఒక ప్రయోగ తరగతిగా నేర్పితే ఉపయుక్తం. విద్యార్థి తొలి కమిట్‌ను అధ్యాపకుని సమక్షంలో, పూర్తి సందేశంతో చేయడం మంచి ఆరంభం.

పూర్వ పరిష్కర్తలు కొందరు తమ నిర్ణయాలకు కారణాలు చెప్పకుండానే పాఠాలను స్థిరపరిచారని మనం తరచుగా విమర్శిస్తాం. వారి చేతిలో తాళపత్రం, గంటం ఉన్నాయి, చోటు తక్కువ. మనకు చోటుకు కొదవలేదు. ప్రతి సవరణకూ కారణం అడిగే సాధనం మన చేతిలో ఉన్నప్పుడు, దానికి సమాధానం చెప్పే వీలును నిలుపుకోవడం మన బాధ్యత.